నడకదారి గీయబోయే ముందు ఒక్క ఉదయం మాతో నడవండి

చెరువుల చుట్టూ, నదుల వెంబడి చిత్తడి నేలల్లో నడకదారులు మంజూరు చేసే అధికారులకు, వాటిని గీసే ఇంజనీర్లకు, కట్టే గుత్తేదారులకు,

నమస్కారం.

మా అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఒక చేత్తో కర్ర, మరో చేత్తో నా భుజం పట్టుకుని రోజూ తెల్లవారుజామున చెరువు గట్టున నడుస్తుంది. రెండు వందల అడుగులు వేస్తే ఆగాలి. కూర్చోవడానికి చోటు ఉందో లేదో చూసుకోవాలి. మళ్లీ లేవడానికి పట్టు దొరుకుతుందో లేదో చూసుకోవాలి. ఇన్ని చూసుకుని కూడా ఆమె మానదు. నీటి మీద వెలుగు పరుచుకునే ఆ పావుగంట కోసం మిగిలిన రోజంతా ఓర్చుకోగలనంటుంది. ఆమె వేగంతో నడవడం మొదలుపెట్టాక ఆ చెరువును నేను మొదటిసారి సరిగ్గా చూశాను. దారి అంటే ఏమిటో కూడా అప్పుడే తెలిసింది.

అంతకుముందు అక్కడ ఉన్నది మట్టిబాట. వానాకాలంలో జారేది. ఒకచోట గట్టు తెగి గోతిలా ఉండేది. అందుకే కొత్త నడకదారి వేస్తారని విన్నప్పుడు మాకంటే సంతోషించినవాళ్లు లేరు. దారి వచ్చింది. నాలుగు మీటర్ల వెడల్పున రంగురంగుల పలకలు పరిచారు. వరుసగా దీపస్తంభాలు పాతారు. నీటి అంచు పొడవునా రాళ్లు పేర్చి సిమెంటు పూశారు. మొదట్లోనే ఐదు మెట్లు కట్టారు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మోటారుసైకిళ్లు రాకుండా గుండ్రంగా తిరిగే ఇనుప గేటు పెట్టారు. కర్ర పట్టుకున్న మనిషి ఆ గేటులో పట్టదు. మొదటి రోజు అమ్మ గేటు దగ్గర నిలబడి, లోపల చక్కగా మెరుస్తున్న దారిని చూసి, "మనం రాలేమన్నమాట" అంది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

తర్వాత కొన్ని వారాలకు, మరోవైపు నుంచి చుట్టూ తిరిగి లోపలికి వెళ్లే తోవ వెతుక్కున్నాక, అమ్మ ఇంకొక మాట అడిగింది. "ఆ నీలిపిట్ట ఏది?"

తూము పక్కన గట్టు నిట్టనిలువుగా తెగి ఉండేది. ఎర్రమట్టి గోడలాంటి ఆ తెగిన ముఖంలో, నీటికి రెండు గజాల ఎత్తున, పిడికిలి పట్టేంత రంధ్రాలు రెండు ఉండేవి. ఒక లకుముకి పిట్ట నోట చేపతో వచ్చి, బాణంలా సూటిగా ఆ రంధ్రంలోకి దూరిపోయేది. క్షణం తర్వాత ఖాళీ ముక్కుతో బయటికి వచ్చేది. లకుముకి చెట్టు మీద గూడు కట్టదు. నిలువు మట్టిగట్టును ముక్కుతో తవ్వుకుంటూ పోయి, సొరంగం చివర చిన్న గదిలో గుడ్లు పెడుతుంది. పాములూ ముంగిసలూ ఎక్కలేని నిలువుగోడ కావాలి దానికి. గోడ మట్టిదే కావాలి. ఇప్పుడు అక్కడ రాళ్లూ సిమెంటూ ఉన్నాయి. ఆ పనికి "ఒడ్డు సుందరీకరణ" అని పేరు పెట్టారు.

అమ్మను ఆపేసిన దారీ పిట్టను తరిమేసిన దారీ ఒకటే. ఈ లేఖంతా దాని గురించే. సులువైన దారి కావాలంటే ప్రకృతిని కొంత వదులుకోక తప్పదని మీలో చాలామంది నమ్ముతారు. పిట్టలను కాపాడాలంటే ముసలివాళ్లను, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లను దూరంగా ఉంచక తప్పదని మరికొందరు నమ్ముతారు. రెండూ నిజం కాదు. నెమ్మదిగా నడిచే మనిషికి కావలసినవేవీ చెరువుకు పెద్దగా చేటు చేయవు. చెరువుకు చేటు చేసేవాటిలో చాలా వరకు నెమ్మదిగా నడిచే మనిషి ఎన్నడూ అడగనివే. నాలుగు మీటర్ల వెడల్పు అమ్మ అడగలేదు. రాత్రంతా వెలిగే దీపాలు అడగలేదు. రాతి అంచు అడగలేదు.

ఆమెకు ఏం కావాలో చెబుతాను. మొదటిది వాలు. 20 అడుగుల దూరానికి ఒక అడుగుకు మించి ఎత్తు పెరగకపోతే చక్రాల కుర్చీ అయినా, వాకర్ అయినా, అరిగిన మోకాలైనా పెద్ద ఆయాసం లేకుండా సాగిపోతుంది. తప్పనిసరైన చోట ర్యాంపు కడితే 12 అడుగులకు ఒక అడుగు మించకూడదన్నది చాలా దేశాల ప్రమాణాల్లో ఉన్న కొలత. అలాంటి చోట రెండు పక్కలా కమ్మీలు, మధ్యలో ఆగడానికి చదునైన చోటు ఉండాలి. ఇవి మీకు తెలియని లెక్కలు కావు. భవనాలకు పాటిస్తారు కూడా. గట్టు దగ్గరికి వచ్చేసరికి మెట్లు ఎందుకు మొలుస్తాయో నాకు అర్థం కాదు. చెరువు గట్టు అంటేనే చదునుగా సాగేది. ఎక్కడం దిగడం ఉండేది దానిమీదికి చేరే చోటే. ఆ ఒక్కచోట వాలును సరిగ్గా మలిస్తే మిగిలిన దారిని ఆ గట్టే సులువు చేసి పెడుతుంది.

పక్కకు వాలు కూడా గమనించండి. నీళ్లు నిలవకూడదని దారిని ఒక పక్కకు బాగా వంచేస్తారు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి దారి పొడవునా ఒకే చేత్తో కుర్చీని సరిదిద్దుకుంటూ పోవలసి వస్తుంది. 50 అడుగుల వెడల్పుకు ఒక అడుగు లెక్కన వంపు ఉంటే నీరు పోతుంది, కుర్చీ పక్కకు లాగదు.

వెడల్పు ఒకటిన్నర మీటర్లు ఉంటే చక్రాల కుర్చీ వెనక్కి తిరగగలదు. ఎదురెదురుగా రెండు కుర్చీలు తప్పుకోవడానికి 1.8 మీటర్లు చాలు. దారి పొడవునా అంత వెడల్పు లేకపోయినా, అక్కడక్కడా తప్పుకునే చోట్లు ఉంటే సరిపోతుంది. నాలుగు మీటర్లు ఎవరి కోసం? గట్టు మీద అంత వెడల్పు దొరకదు కాబట్టి నీటిలోకి మట్టి పోసి పూడ్చారు. తుంగ పెరిగే లోతు తక్కువ అంచంతా ఆ మట్టి కింద పోయింది. చెరువులో ప్రాణం ఎక్కువగా ఉండేది ఆ అంచులోనే. నడి చెరువు నిండుగా కనిపిస్తుంది గానీ చేపపిల్లలు, కప్పలు, తూనీగలు బతికేది మోకాలి లోతు నీళ్లలో, గడ్డి మధ్య.

నేల గురించి ఒక మాట. అమ్మకు పలకలు భయం. వాన పడితే వాటి మీద పాచి పడుతుంది, ఒక పలక కుంగితే దాని పక్క పలక అంచు కాలికి తగులుతుంది. సన్నని కంకర పొడిని తడిపి, గట్టిగా దిమ్మిస కొట్టిన నేల ఆమెకు అన్నిటికంటే నచ్చుతుంది. కర్ర జారదు, చక్రం దిగబడదు, వాననీరు కొంత కిందికి ఇంకుతుంది. అయితే దాన్ని ఏటా చూసుకోవాలి. చిన్న గుంట పడగానే పూడ్చాలి. ఇలా చూసుకునే పనికి అంచనాల్లో డబ్బు కేటాయించకుండా, కట్టే పనికి మాత్రమే కేటాయించడం వల్లే గుత్తేదారులు పలకలవైపు, సిమెంటువైపు మొగ్గుతారని నా అనుమానం.

దారి మంచి నేలతో ఉండటం పిట్టలకు కూడా మేలే. బురద ఉన్నచోట మనుషులు బురదలో నడవరు, దాని పక్కనుంచి గడ్డి తొక్కుకుంటూ పోతారు. అక్కడా బురద అవుతుంది. ఇంకొంచెం పక్కకు జరుగుతారు. రెండు వానాకాలాలు గడిస్తే అడుగు వెడల్పు బాట పది అడుగుల బురదనేల అవుతుంది. తీతువు పిట్ట గూడు కట్టదు, గులకరాళ్ల మధ్య వట్టినేల మీదే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు రాళ్ల రంగులోనే ఉంటాయి. దారి తప్పి నడిచే కాలికి అవి కనిపించవు. తల్లిపిట్ట పైన తిరుగుతూ గోల పెడుతుంటే, "ఎంత బాగా అరుస్తోందో" అని నిలబడి ఫోటోలు తీసేవాళ్లను చూశాను. వాళ్ల తప్పు కాదు. నడవడానికి సరైన దారి లేక పక్కకు వెళ్లారు. ఆ అరుపుకు అర్థం చెప్పే పలక కూడా అక్కడ లేదు.

ఇక బెంచీలు. అమ్మ ఒక చెరువును తూచేది బెంచీలతోనే. వీపు ఆన్చుకోవడానికి ఉండాలి. చేతులు ఆనించి లేవడానికి రెండు పక్కలా పట్టు ఉండాలి. ఎత్తు 18 అంగుళాలకు తగ్గితే కూర్చోవడం తేలిక, లేవడమే గండం. పక్కన చక్రాల కుర్చీ ఆగేంత చదును నేల ఉంటే, కుర్చీలో వచ్చిన మనిషి తనవాళ్ల పక్కన కూర్చుంటారు, దారికి అడ్డంగా కాదు. వంద మీటర్లకొకటి ఉంటే అమ్మలాంటివాళ్లు చెరువు సగం వరకైనా వెళ్లగలరు. మరీ ముఖ్యంగా, ముందు ఇంకో బెంచీ ఉందని తెలియాలి. తెలియకపోతే అడుగు ముందుకు పడదు. మొదట్లోనే ఒక పలక మీద దారి పొడవెంత, బెంచీలు ఎక్కడెక్కడ, మెట్లున్నాయా, మధ్యలో వెనక్కి తిరిగే అడ్డదారి ఉందా రాసిపెట్టండి. "సులువైన దారి" అని మాత్రమే రాస్తే అది ఎవరికి సులువో మాకు తెలియదు.

చెరువు దాటి నది పక్క చిత్తడి నేలకు వెళితే పని సున్నితమవుతుంది. మీరు పొరపాటు చేస్తే ఇక్కడ దిద్దుకోవడం కష్టం. చిత్తడి నేలల మీద అంతర్జాతీయ ఒప్పందం 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ నగరంలో కుదిరింది. సహజమైనదైనా మనిషి తవ్వినదైనా, నీరు ఏడాదంతా ఉన్నా కొన్ని నెలలే ఉన్నా, నిలిచినా పారినా, అది చిత్తడి నేలేనని ఆ ఒప్పందం చెబుతుంది. "కొన్ని నెలలే ఉన్నా" అన్న ముక్కను దయచేసి మరోసారి చదవండి. సర్వే చేసేవాళ్లు ఎక్కువగా ఎండాకాలంలో వస్తారు. అప్పుడు అక్కడ నెర్రెలిచ్చిన నేల, ఎండిన రెల్లు తప్ప ఏమీ ఉండవు. పటంలో అది ఖాళీ స్థలమవుతుంది. దాని మీదుగా మట్టికట్ట పోసి దారి వేస్తారు. వరద వచ్చినప్పుడు కట్టకు ఒక పక్క నీరు నిలిచిపోతుంది, మరో పక్కకు చుక్క అందదు. ఒక పక్క చెట్లు వేళ్లు కుళ్లి చస్తాయి, రెండో పక్క ఎండి ముళ్లపొదలు కమ్ముకుంటాయి.

ఆ నేల అక్కడ ఊరికే పడి లేదు. నది పొంగినప్పుడు అదనపు నీరు పక్కకు పరుచుకునే చోటు అది. జమ్ము, తుంగ కాడల మధ్య నీటి వేగం తగ్గి, మోసుకొచ్చిన ఒండ్రు కిందికి దిగుతుంది. అడుగున గాలి ఆడని బురదలో ఉండే సూక్ష్మజీవులు నీటిలోని నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువుల భారం కొంత అలా తీరుతుంది. జమ్ము వేళ్లకు గాలి అందేది నీటిపైన ఉన్న కాడల గుండానే. "చూడటానికి బాగుండాలి" అని నీటి మట్టం కంటే కిందికి కోసేస్తే ఊపిరాడక వేరు చస్తుంది. శుభ్రం చేయడం పేరుతో జరిగే ఈ కోతను ఎన్నిచోట్ల చూశానో.

ఇలాంటి చోట మట్టికట్ట వద్దు. గుంజల మీద నిలిచే చెక్కబాట వేయండి. నీరు కింద నుంచి పారుతుంది, తాబేలు కింద నుంచి పోతుంది, పైన అమ్మ నడుస్తుంది. పలకలను నడిచే దిశకు అడ్డంగా పరచండి. నిలువుగా పరిస్తే చక్రమూ కర్ర కొసా సందులో ఇరుక్కుంటాయి. సందు అర అంగుళం మించకూడదు. అంచున చిన్న దిమ్మె ఉంటే చక్రం పక్కకు జారదు. కమ్మీ కట్టేటప్పుడు ఒక్కసారి కుర్చీలో కూర్చుని చూడండి. నిలబడ్డ మనిషి పైనుంచి నీటిని చూస్తాడు. కూర్చున్న మనిషి కళ్లకు సరిగ్గా అడ్డుకమ్మీ తగులుతుంది.

వరదలో కొన్నాళ్లు మునిగిపోతుందని ముందే ఒప్పుకుని దారి వేయడం మంచిది. నదిని ఆపి దారిని కాపాడాలనుకుంటే రెండూ దక్కవు. మునిగినన్ని రోజులు మూసేయండి, మూశారని దారి మొదట్లోనే చెప్పండి. సగం దూరం నడిచాక వెనక్కి తిరగమంటే మా అమ్మకు ఆ రోజంతా నొప్పే.

ఇవన్నీ ఊహలు కావు, ఉన్నవే. అమెరికాలో ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో అన్హింగా ట్రెయిల్ అనే చిన్న దారి ఉంది. మొత్తం తిరిగి వస్తే 1.3 కిలోమీటర్లు దాటదు. కొంత చదునైన గట్టి బాట, కొంత చెక్కబాట. చక్రాల కుర్చీలో వెళ్లవచ్చు. పాములాంటి మెడతో నీటిలో మునిగి చేపలు పట్టే పక్షి పేరే దానికి పెట్టారు. హాంకాంగ్‌లోని మై పో చిత్తడి నేల దగ్గర మడచెట్ల మధ్య నీటిపై తేలే చెక్కబాట ఉంది. ఆటుపోట్లతో పాటు అదీ లేస్తుంది, దిగుతుంది. దాని చివర చిన్న గదుల్లో కూర్చుని బురదమేటల మీద మేసే పక్షులను చూస్తారు. మన కోరంగిలో మడ అడవుల గుండా చెక్కబాట ఉంది. రాజస్థాన్ భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ పక్షుల ఉద్యానం 1981లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అక్కడ సందర్శకులు ఎక్కువగా నడిచో, సైకిలు మీదో, రిక్షాలోనో తిరుగుతారు. ఇంజను మోత లేకపోతే కొంగ ఎంత దగ్గరగా నిలబడుతుందో అలాంటి చోట తెలుస్తుంది.

పక్షి ఎగిరిపోయాకే దానికి ఇబ్బంది కలిగిందని మనం అనుకుంటాం. ఇబ్బంది అంతకు చాలా ముందే మొదలవుతుంది. మేత ఆపి మెడ నిలబెడుతుంది. మనవైపే చూస్తూ నీటి లోపలికి జరుగుతుంది. ఆ తర్వాతే రెక్క విప్పుతుంది. దారి సూటిగా పక్షులవైపు సాగితే భయం ఎక్కువ, పక్కగా ఒంపు తిరిగి పోతే తక్కువ. మునుగుడు కోడి నీటి మీద తేలే నాచు గూట్లో గుడ్లు పెట్టి, దిగే ముందు నాచుతో వాటిని కప్పుతుంది. ఒక్కసారిగా బెదిరితే ఆ కాస్త సమయం దొరకదు. గుడ్లు తెల్లగా బయటే ఉండిపోతాయి. కాకి చూస్తూనే ఉంటుంది. అందుకే దారికీ నీటికీ మధ్య అక్కడక్కడా పొదల చాటు ఉంచండి. ఆ చాటున ఒక చిన్న గది, అందులో నిలబడ్డవారికొకటి, కూర్చున్నవారికొకటి, పిల్లలకొకటి చొప్పున మూడు ఎత్తుల్లో కిటికీలు. పక్షుల నిపుణుడు పీటర్ స్కాట్ 1946లో ఇంగ్లండులో సెవెర్న్ నది పక్కన స్లిమ్‌బ్రిడ్జ్‌లో పక్షుల కేంద్రం మొదలుపెట్టాడు. పక్షులను చూసే చాటుగదులు అక్కడ మామూలే. నెమ్మదిగా నడిచేవాళ్లకు ఇంతకంటే మంచి విశ్రాంతి స్థలం ఏముంటుంది?

దీపాల గురించి గట్టిగా చెప్పాలి. రాత్రి పది దాటాక ఆ దారిలో మనిషి ఉండడు, దీపాలు మాత్రం తెల్లవార్లూ వెలుగుతాయి. నీటి నుంచి రెక్కలు తొడిగి లేచే పురుగులు వాటి చుట్టూ తిరిగి తిరిగి కింద రాలతాయి. ఇంకో సంగతి మీకు తెలియకపోవచ్చు. నల్లగా నిగనిగలాడే తారు మీద పడి తిరిగే వెలుతురు కొన్ని నీటిపురుగులకు నీటిలాగే కనిపిస్తుంది. మేఫ్లై జాతి పురుగులు దాన్ని నీరనుకుని గుడ్లన్నీ తారు మీదే పెట్టేస్తాయి. ఒక్కటీ బతకదు. నీటి పక్కన తారు వద్దు. దీపాలు అవసరమైన చోట మోకాలి ఎత్తులో, నేలవైపు తిప్పి, నీటివైపు కప్పి పెట్టండి. దారి మూసే వేళకు ఆర్పేయండి.

చివరిగా, అన్నిటికంటే పెద్ద కోరిక. చెరువు చుట్టూ దారి పూర్తిగా కలపవద్దు. పటం మీద గుండ్రంగా కలిసిన గీత అందంగా ఉంటుందని తెలుసు. కానీ ఒక ఒడ్డును వదిలేయండి. ఏ ఒడ్డు అంటే, తుంగ దట్టంగా ఉన్నది, పక్షులు గూళ్లు కట్టేది, నది నీరు వచ్చి కలిసేది. ఆ ఒడ్డు మీద దారి వద్దు, బెంచీ వద్దు, దీపం వద్దు. ఇవతలి గట్టు నుంచి దూరంగా కనిపిస్తూ ఉంటే చాలు. వెళ్లిన దారినే వెనక్కి రావడం అమ్మకు లోటు కాదు. ఎంతవరకు వెళ్లాలో, ఎక్కడ తిరగాలో తనకే వదిలే దారి అది. గుండ్రటి దారిలో సగానికి చేరాక అలసిపోతే ముందుకైనా వెనక్కైనా అంతే దూరం. ఒక ఒడ్డు వదలాలని పిట్టల కోసం అడుగుతున్నాననుకుంటారేమో, సగం అమ్మ కోసం కూడా.

ఇప్పటికే వేసిన మా దారిలో ఇప్పుడు కూడా కొంత చేయవచ్చు. ఐదు మెట్ల పక్కన వాలు కట్టవచ్చు. తిరిగే గేటు తీసేసి, కుర్చీ పట్టేంత సందుతో రాతి గుంజలు పాతవచ్చు. తూము పక్కన ఇరవై అడుగుల మేర రాళ్లు తీసేసి, మట్టిగట్టును నిలువుగా చెక్కి వదిలేయవచ్చు. రాతి అంచు మిగిలినచోట అక్కడక్కడా గరుకుగా, ఏటవాలుగా మట్టి పోస్తే కప్పపిల్లలు, తాబేళ్లు పైకి ఎక్కి రాగలవు.

కొత్త దారి గీసే ముందు మీరు ఒక్క ఉదయం మాతో రండి. కారు దూరంగా ఆపి రండి. అమ్మ ముందు నడుస్తుంది, మీరు ఆమె వెనకే నడవాలి, దాటి పోకూడదు. ఆమె ఆగినచోట మీ పటంలో చుక్క పెట్టండి. పిట్ట మెడ ఎత్తినచోట ఇంకో చుక్క పెట్టండి. మేము ఆరింటికల్లా తూము దగ్గర ఉంటాం.

ఇట్లు,
అమ్మ చేయి పట్టుకుని చెరువు గట్టున నడిచే ఒక పౌరుడు